నేల చెమ్మకు సాక్షిని

నేను ఒక ప్లాస్టిక్ ముక్కను. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు. రంగంటూ లేదు, అవతలి వస్తువు కనిపించిపోయేంత తేటగా ఉంటాను. ఈ రోజుల్లో ప్లాస్టిక్ అనగానే మొహం చిట్లించని వాళ్ళు లేరు. మైకు ముందు నిలబడి మా జాతిని గంటసేపు దులిపేసినాయనే, ఆ వేదిక మీదే మా చుట్టం చుట్టిపెట్టిన పూలగుత్తి అందుకుని నవ్వుతూ ఫొటో దిగుతాడు. నేనేమీ నొచ్చుకోను. ఇరవై రెండేళ్ళు మనుషుల్ని నేల మీద పడుకుని చూశాను. అలా చూసేవాళ్ళకి కోపాలు పెద్దగా మిగలవు.

నా ఉద్యోగం చాలా చిన్నది. కొత్తగా కాంక్రీటు పోసిన నేల మీద నన్ను పరిచి, నాలుగు అంచులా గాలి చొరకుండా టేపు అంటిస్తారు. మూడు రోజులు అలా వదిలేస్తారు. నాలుగోరోజు పొద్దున్నే పీకి, నా అడుగుభాగం చూస్తారు. నీటిబొట్లు కనిపిస్తే కాంక్రీటు కడుపులో ఇంకా తడి ఉన్నట్టు. అప్పుడు దాని మీద చెక్క పరచకూడదు. బొట్లు లేకపోతే పరచవచ్చు. నేను చెప్పగలిగింది ఆ ఒక్క మాటే. ఆ ఒక్క మాట వినడానికి కూడా మనుషులు పడే ఇబ్బంది ఇంతా అంతా కాదు.

పుట్టడం అందరిలాగే పుట్టాను. తెల్లటి గింజల్ని కరిగించి, గాలి ఊది, పొరగా సాగదీసి, కొయ్యబద్దకి చుట్టారు. అలా ఒక పెద్ద చుట్టగా పాలకొల్లులో కాలవరోడ్డు మీద ఉన్న ఇనప సామాన్ల కొట్టుకు చేరాను. మేకుల డబ్బాలకీ రంగుల డబ్బాలకీ మధ్య నిలబెట్టారు. ఒకరోజు ఒక వడ్రంగి వచ్చి, నన్ను వేలితో నొక్కి, వెలుతురుకు ఎత్తి చూసి, "చిల్లుల్లేవుగదండీ?" అని కొట్టువాణ్ణి మూడుసార్లు అడిగి కొన్నాడు. ఆయన పేరు సోమలింగాచారి. నా జీవితమంతా ఆయన చేతుల్లోనే గడిచింది.

ఆచారిగారి తాత, తండ్రి గోదావరి మీద తిరిగే పడవలు కట్టేవారు. నీటిని చెక్కలోకి రానివ్వకపోవడమే ఆ ఇంటి విద్య. పడవలకు గిరాకీ తగ్గాక ఆయన ఇళ్ళ పనుల్లోకి వచ్చి, గుమ్మాలు, కిటికీలు చేస్తూ, పెద్దవాళ్ళ ఇళ్ళలో చెక్క నేలలు పరచడం నేర్చుకున్నారు. నన్ను కొన్నది ఒక రైసుమిల్లు కామందు ఇంటి కోసం. ఆయన కొత్త ఇంట్లో హాలంతా టేకు పలకలు పరచమన్నాడు. ముందు కాంక్రీటు ఆరాలి, ఆ తర్వాత నన్ను హాలంతా పరవాలి, అంచులు జానెడు మేర ఒకదాని మీద ఒకటి ఎక్కించి అతకాలి, గోడల పక్కన కాస్త పైకి మడవాలి, నా మీద చెక్క రావాలి. ఆచారిగారి లెక్క అది.

కామందు నన్ను చూసి నవ్వాడు. "లక్షణంగా టేకు పరుస్తుంటే దాని కింద ఈ ప్లాస్టిక్కేంటయ్యా? ఎవడికి కనపడుద్ది?"

"కనపడదండి. నేలలోని చెమ్మని చెక్కకి ఎక్కనివ్వదండి."

"నలభై రోజులైంది కాంక్రీటు పోసి. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టేశాం. ఇంకేం చెమ్మ?"

ఆచారిగారు "ఇంకా ఆరలేదండి" అని ఒకసారి అన్నారు. రెండోసారి అనలేదు. ఆ రెండోసారి అనకపోవడమే ఆయన చేసిన తప్పు. చుట్టగా ఉన్న నన్ను ఉన్నట్టే గోడకు చేరవేసి పలకలు పరిచేశారు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళంతా ఆ నేలలో తమ మొహాలు చూసుకుని మెచ్చుకున్నారు. శ్రావణం వెళ్ళేసరికి పలకల అంచులు లేచాయి. దసరాకి ప్రతి పలకా దోనెలా వంగి, నడిస్తే కిర్రుమంటూ, కాలికి తగులుతూ ఉండేది. ఆచారి పచ్చికర్ర వేసి మోసం చేశాడని కామందు ఊరూరా చెప్పాడు. వడ్రంగికి అంతకన్నా పెద్ద తిట్టు లేదు.

ఆచారిగారు ఎదురు మాట్లాడకుండా వెళ్ళి తన చేతులతోనే ఆ పలకలు ఊడదీశారు. పైన తళతళ మెరుస్తున్న పలకలు అడుగున నల్లగా బూజు పట్టి, నానిన గోనెసంచి వాసన వేశాయి. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, వాడకుండా మిగిలిన నా చుట్టను విప్పి, ఉలితో మూరెడు చదరం కోసుకుని పనిముట్ల సంచిలో పెట్టుకున్నారు. ఆ ముక్కనే నేను. మిగిలిన నా తోడబుట్టినవి ఎవరెవరి గడ్డివాముల మీదకో, ధాన్యం రాశుల మీదకో వెళ్ళిపోయాయి. చెక్క కింద శాశ్వతంగా పడుకోవలసిన చుట్ట అది. నాకు మాత్రం మూడేసి రోజులు నేల మీద పడుకుని లేచిపోయే బతుకు వచ్చింది. ఎన్నో హాళ్ళు చూశాను గానీ ఏ హాలులోనూ చెక్క కింద నేను లేను. ఆ వెలితి నాకు ఉండేది.

అప్పటి నుంచి ఆచారిగారు నేను చెప్పనిదే ఎక్కడా పలక వెయ్యలేదు. నేను తడి అంటే నెల ఆగమనేవారు. మళ్ళీ తడి అంటే మళ్ళీ ఆగమనేవారు. చాలామంది ఆగలేక వేరే వడ్రంగిని పిలుచుకున్నారు. ఊళ్ళో ఆయనకు 'ఆరని ఆచారి' అని పేరు పెట్టారు. ఆయన విని నవ్వేవారు. నవ్వి, నన్ను తీసి అద్దం తుడిచినట్టు తుడిచి, మడత పెట్టి సంచిలో పెట్టుకునేవారు.

ఇక హైమవతి టీచరుగారి సంగతి.

ఆవిడ కూచిపూడి నేర్పుతారు. పన్నెండో ఏట గజ్జె కట్టారు, అప్పటికి యాభై ఎనిమిది. ఆడిందీ నేర్పిందీ అంతా సిమెంటు నేల మీదే. చెక్క నేల అడుగు వేస్తే కాస్త లొంగి, మళ్ళీ పైకి తోస్తుంది. సిమెంటు అలా కాదు, కొట్టిన దెబ్బను కొట్టినట్టే తిరిగి కాలికి ఇచ్చేస్తుంది. నలభై ఆరేళ్ళు ఆ దెబ్బలు తిన్న మోకాళ్ళు ఆవిడవి. అప్పటికే అరిగిపోయాయి. మెట్లు దిగాలంటే పక్కకు తిరిగి ఒక్కో మెట్టూ దిగేవారు. పిల్లల మోకాళ్ళు తనలా కాకూడదని, కాలవ లాకుల దగ్గర తనకున్న స్థలంలో ఒక హాలు కట్టించి, అందులో చెక్క నేల పరిపించాలని పట్టుబట్టారు.

తాపీమేస్త్రి గంగరాజు మాఘమాసంలో ఆ హాలుకి కాంక్రీటు పోశాడు. గంగరాజు పోసిన కాంక్రీటుకి బీట ఉండదని పేరు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి అతనికి తెలిసిన రహస్యం ఒక్కటే, నీళ్ళు. పోసిన మర్నాడే చుట్టూ మట్టికట్ట కట్టి మూడు వారాలు నీళ్ళు నిలిపాడు. అది సరైన పనే. అలా తడపకపోతే కాంక్రీటు గట్టిపడదు. నీరే ప్రాణమని ఒకాయన, నీరే శత్రువని ఇంకొకాయన, ఇద్దరూ ఒకే నేల మీద పనిచెయ్యాలి. పైగా ఆచారిగారికీ గంగరాజుకీ పదకొండేళ్ళుగా మాటల్లేవు. ఏదో ఇంట్లో తలుపు సరిగ్గా పడలేదట. గుమ్మం వంకరని గంగరాజు అన్నాడు, గోడే వంకరని ఆచారిగారు అన్నారు. ఆ తలుపు వేసుకునే ఇంటివాళ్ళు ఎప్పుడో మర్చిపోయారు గానీ వీళ్ళిద్దరూ మర్చిపోలేదు. ఒకరికి చెప్పాల్సింది ఇంకొకరు టీచరుగారితో చెప్పేవారు. ఆవిడ సగం చెప్పి సగం మరిచేవారు.

ఉగాది వెళ్ళిన వారానికి నన్ను మొదటిసారి ఆ హాలు నేల మీద పరిచారు. నాలుగోరోజు లేపితే అడుగంతా నీళ్ళే. అది మేమూ అనుకున్నదే. అంగుళం మందానికి నెల చొప్పున ఆరాలని ఆచారిగారి లెక్క. మే నెల మొదట్లో రెండోసారి పరిచారు. మళ్ళీ నీళ్ళు. మండుటెండలు, బయట పెట్టిన వడియాలు పూటకే గలగలలాడుతున్నాయి, ఈ నేల మాత్రం ఆరనంటోంది. ఆచారిగారు తల పట్టుకున్నారు. పక్కనే కాలవ ఉంది గనక అడుగు నుంచి ఊట ఎక్కుతోందేమోనని భయపడ్డారు.

నాకు అసలు సంగతి తెలుసు. రోజూ పొద్దుగూకే వేళ గంగరాజు వచ్చేవాడు. హాలుకి ఇంకా తలుపులు బిగించలేదు. అతను చెప్పులు బయట విడిచి, కుళాయి దగ్గర బకెట్టు నింపుకుని, చెంబుతో నేలంతా ఒద్దికగా చల్లేవాడు. నా దగ్గరకు వచ్చేసరికి నా టేపు తడవకుండా చుట్టూ పోసేవాడు. ఎందుకు పోస్తున్నాడో నాకు బోధపడలేదు. చెప్పడానికి నాకు నోరూ లేదు. తెల్లారేసరికి పైపై తడి ఆరిపోయేది, ఆచారిగారికి పొడి నేలే కనిపించేది.

జూన్ మొదటి వారంలో మూడోసారి నన్ను పరిచారు. ఈసారి టీచరుగారు దగ్గరే ఉన్నారు. గోడకు ఆనుకుని నిలబడి, ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పారు.

"ఈ ఇరవయ్యో తారీఖున రెండు మోకాళ్ళకీ ఆపరేషనండీ ఆచారిగారూ. అరిగినవి తీసేసి కొత్తవి పెడతారట. తర్వాత నడవొచ్చట గానీ, ఇంక గజ్జె కట్టొద్దన్నారు డాక్టరుగారు."

ఆచారిగారు టేపు అంటిస్తున్నవారు ఆగిపోయారు.

"నా బతుకంతా సిమెంటు మీదే ఆడానండీ. చెక్క నేల మీద ఒక్కసారి, ఒక్క అంశం, నా సొంత కాళ్ళతో ఆడాలని ఉంది. పదిహేనో తారీఖుకి అవుతుందా?"

"చూద్దామమ్మా. ఇది ఏం చెబుతుందో చూద్దాం" అని ఆచారిగారు నన్ను అరచేత్తో నిమిరారు. ఆయన మనసులో నన్ను బతిమాలుకుంటున్నారని నాకు తెలిసింది. మూడు రోజులూ నేను కూడా పొడిగా ఉండాలనే కోరుకున్నాను. కోరుకుంటే అయ్యే పనా? సాయంత్రం అయ్యేసరికి గంగరాజు బకెట్టుతో సిద్ధం.

నాలుగోరోజు పొద్దున్నే ఆచారిగారు ఒక్కరే వచ్చారు. ఒక మూల నుంచి టేపు పీకారు, నన్ను పైకెత్తారు. నా ఒళ్ళంతా బొట్లు. ఒకటి జారి ఆయన చేతి మీద పడింది. ఆయన చాలాసేపు నన్ను అలాగే పట్టుకుని నిలబడ్డారు. బయట గేటు చప్పుడైంది. ఆయన భుజం మీది తువ్వాలు తీసి, గబగబా నన్ను తుడిచేశారు.

ఇరవై రెండేళ్ళలో ఆ తువ్వాలు నన్ను ఎన్నోసార్లు తుడిచింది, అంతా చూసేశాక మడత పెట్టడానికి. ఎవరూ చూడకముందే తుడవడం అదే మొదటిసారి. నాకున్నది ఒక్క మాట. దాన్ని కూడా నా నోట్లోంచి లాగేసినట్టయింది. చాలా బాధపడ్డాను. ఆయన మీద కోపం మాత్రం రాలేదు. కామందుకి భయపడి ఒకప్పుడు నోరు మూసుకున్న మనిషి, ఇప్పుడు జాలిపడి అదే పని చేస్తున్నాడు. భయం కన్నా జాలి ఇంకా పెద్ద ప్రమాదమని నాకు ఆ పూటే తెలిసింది.

"ఏమందండీ మీ ప్లాస్టిక్కు?" అంటూ టీచరుగారు వచ్చారు.

ఆచారిగారు నన్ను వెలుతురుకు ఎత్తి చూపించారు. "ఆరిందమ్మా."

ఆవిడ మొహం చూడాలి! పన్నెండేళ్ళ పిల్లలా అయిపోయింది. చెప్పులు గుమ్మం దగ్గర వదిలేసి, నొప్పిని మరిచి నేల మీదకి వచ్చేశారు. వచ్చి, మూడు రోజులు నేను పడుకున్న చోట సరిగ్గా పాదం ఆనించారు. ఆగిపోయారు. పక్కకి ఒక అడుగు వేశారు. మళ్ళీ వెనక్కి వచ్చి అక్కడే పాదం పెట్టారు.

"ఆచారిగారూ, ఇక్కడ చల్లగా ఉందేంటండీ?"

"కప్పి ఉంచిన చోటు గదమ్మా, అలాగే ఉంటుంది."

"నీడకి చల్లబడిన నేలకీ, చెమ్మకి చల్లబడిన నేలకీ తేడా నా అరికాలికి తెలియదా? నలభై ఆరేళ్ళ నుంచి ఇదే పనిగా నేలని తొక్కుతున్నాను." ఆవిడ ఆయన భుజం వంక చూశారు. తువ్వాలు సగం తడిసి ముద్దగా ఉంది. "తుడిచారా?"

ఆచారిగారు నేల మీద చతికిలబడిపోయారు. రైసుమిల్లు కామందు ఇల్లు, వంగిన పలకలు, పచ్చికర్ర అనే మాట, నన్ను కోసుకున్న సాయంత్రం, అన్నీ చెప్పారు. ఎవరికీ ఎప్పుడూ చెప్పని మనిషి.

"మీ కాళ్ళు చూసి ఆగలేకపోయానమ్మా. ఒక్కసారి ఆడించాలనిపించింది. తర్వాత పలకలు లేస్తే లేచినప్పుడు చూసుకుందాంలే అనుకున్నాను. బుద్ధి గడ్డి తింది."

టీచరుగారు గోడ పట్టుకుని మెల్లగా ఆయన ఎదురుగా కూర్చున్నారు. అలా కూర్చోవడానికి ఆవిడకు ఎంత కష్టమో నేలకీ నాకూ తెలుసు.

"నా మోకాళ్ళ మీద జాలిపడి ఆ పిల్లల మోకాళ్ళని మర్చిపోతే ఎలాగండీ? పలకలు లేచిన నాడు వాళ్ళు మళ్ళీ సిమెంటు మీదకే కదా రావాలి? నేను ఆడకపోతే ఏమైంది, వద్దు. ఆరేదాకా ఆగుదాం." ఆ మాట గట్టిగానే అన్నారు గానీ, అన్నాక కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. నా బొట్లను తుడవకూడనట్టే ఆ బొట్లనీ తుడవకుండా ఉంటే బాగుండుననిపించింది.

నాలుగు నెలలైనా ఈ నేల ఎందుకు ఆరడం లేదో వాళ్ళిద్దరికీ అంతు చిక్కలేదు. మాట్లాడుకుంటూ మధ్యాహ్నం దాటింది. ఆచారిగారు గోడల అడుగులు తట్టి చూశారు, కాలవ వైపు మట్టి తవ్వి చూశారు. ఎక్కడా ఊట జాడ లేదు. పొద్దు వాలింది. అప్పుడు గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది. చేతిలో బకెట్టు, చెంబుతో గంగరాజు లోపలికొచ్చి, వాళ్ళిద్దర్నీ చూసి కూడా ఏమీ తడబడకుండా చెంబు ముంచి నేల మీద చల్లాడు.

"ఏం చేస్తున్నావయ్యా గంగరాజూ?" టీచరుగారు కెవ్వుమన్నంత పని చేశారు.

"తడుపుతున్నానండి."

"ఎందుకు?"

గంగరాజు ఆశ్చర్యపోయాడు. నా వైపు చెయ్యి చూపించాడు. "ఆచారిగారు ప్లాస్టిక్కు కప్పారుగదండీ! మేమూ కప్పుతామండి, మా పనిలో. కాంక్రీటులో చెమ్మ ఎగిరిపోకుండా ప్లాస్టిక్కు కప్పుతామండి. ఈయనగారు ఇంత ముక్కే కప్పి ఊరుకున్నారు. మిగతాదంతా ఎండిపోద్ది గదండీ పాపం. కర్రపనాయన నా కాంక్రీటుని అంత బాగా చూసుకుంటంటే, పోసినోణ్ణి నేను ఊరుకుంటానా? అందుకని రోజూ వచ్చి పోత్తన్నానండి. ఒక్క రోజు మానలేదు, ఒట్టండి!"

అదీ సంగతి! చెమ్మ ఉందో లేదో చూడడానికి ఆచారిగారు నన్ను పరిస్తే, చెమ్మను కాపాడడానికి పరిచారని గంగరాజు అనుకున్నాడు. నన్ను చూసినప్పుడల్లా ఇంకో రెండు చెంబులు ఎక్కువ పోశాడన్నమాట. సాక్షిని అనుకుంటూ ఇన్నాళ్ళూ గర్వపడిన నేనే ఆ నీళ్ళకు కారణం అయ్యాను.

ముందు టీచరుగారికి నవ్వు వచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే ఆగి, మొహం తిప్పేసుకున్నారు. ఆ నవ్వు ఖరీదేమిటో ఆచారిగారికి తెలుసు. గంగరాజుకి తెలియదు. ఆచారిగారు లేచి అతని దగ్గరకు వెళ్ళి, పదకొండేళ్ళ తర్వాత మొదటిసారి మాట్లాడారు.

"ఒక్క మాట నన్నడగొచ్చుగదా మేస్త్రీ?"

"తమరు చెప్పొచ్చుగదండీ?"

ఆపరేషను సంగతి, పదిహేనో తారీఖు సంగతి ఆచారిగారు మెల్లగా చెప్పారు. గంగరాజు చేతిలోని చెంబు బకెట్టులో పెట్టేసి, బకెట్టు తీసుకెళ్ళి బయట బోర్లించి వచ్చాడు. తిరిగొచ్చి టీచరుగారి ముందు నిలబడి, "నీళ్ళు పోత్తే పాపమౌద్దని నాకెవరూ చెప్పలేదండి" అన్నాడు.

ఇక నేల ఆరాలంటే వానలు వెలిసేదాకా ఆగాల్సిందే. కానీ ఆ రాత్రంతా ఆలోచించుకుని వచ్చినట్టున్నారు, మర్నాడు ఆచారిగారు ఒక సంగతి చెప్పారు. హాలంతా పరచడం కుదరదు. హాలు మధ్యలో రెండు బారల చదరం మాత్రం పరచవచ్చు, ఒక్క పూటకి. మేకు ఉండదు, జిగురు ఉండదు. కింద కొత్త ప్లాస్టిక్ రెండు పొరలు, దాని మీద కర్రబద్దలు, పైన ఒకదాని గాడిలో ఇంకొకదాని అంచు దూర్చి కూర్చిన పలకలు, చుట్టూ కదలకుండా చట్రం. ఆట అయిపోగానే విప్పేసి, పలకల్ని మళ్ళీ తన పొడి కొట్టంలోకి చేర్చేస్తారు. ఒక్క పూటకి చెమ్మ ఏమీ చెయ్యలేదు.

"పడవల రోజుల్లో మా నాన్న నీళ్ళలోకి దించేముందు ఇలాగే మేకు లేకుండా ఒకసారి కూర్చి చూసేవారమ్మా" అన్నారు.

పదిహేనో తారీఖు సాయంత్రం ఆ చదరాన్ని కూర్చారు. చట్రం బిగించే పని గంగరాజు చేశాడు. పలకలు వెయ్యబోయే ముందు ఆచారిగారు సంచిలోంచి నన్ను తీసి, మధ్యలో, బద్దల సందున పరిచారు. "నువ్వూ ఉండు" అన్నారు. పనిముట్టుతో మాట్లాడే మనిషి కాదు ఆయన. నా మీద మొదటి పలక పడింది. వెలుతురు పోయింది. టేకు వాసన కమ్ముకుంది. ఇరవై రెండేళ్ళ తర్వాత నేను పుట్టిన పనికి వచ్చాను.

టీచరుగారు గజ్జె కట్టారు. పెద్ద శిష్యురాలు ప్రమీల తాళం వేస్తూ పాడింది. చూస్తున్నవాళ్ళు ఆచారిగారు, గంగరాజు, ఇద్దరే. నాకు కనిపించలేదు గనక ఎలా ఆడారో చెప్పలేను. వినిపించింది చెప్పగలను. మొదటి అడుగులు భయం భయంగా పడ్డాయి. నొప్పి కోసం ఎదురుచూసే అడుగులవి. తర్వాత ఒక అడుగు గట్టిగా పడింది, పలక లొంగి మళ్ళీ లేచింది. పైన ఆవిడ "అబ్బా!" అనడం వినిపించింది. అది నొప్పి కాదు. ఆ తర్వాత అడుగులు ఆగలేదు. పాట అయిపోయినా ప్రమీల చేతిలో తాళం అయిపోలేదు. ఎనిమిది నిమిషాలో పదో. చివరికి ఆవిడ ఆగి ఊపిరి తీసుకుంటుంటే, ఎవరో ముక్కు చీదుకున్న చప్పుడైంది. గంగరాజే అయివుంటాడు.

ఇరవయ్యో తారీఖున ఆపరేషను జరిగింది. వానలు వచ్చి వెళ్ళాయి. ఆ అయిదు నెలలూ గంగరాజు ఆ హాలుకి కాపలా కాశాడు. తలుపులు దగ్గరుండి బిగింపించాడు. గొడుగు పట్టుకుని లోపలికి రాబోయిన వాళ్ళను గుమ్మంలోనే ఆపేసేవాడు. తడికాళ్ళతో వచ్చిన పిల్లల్ని తన తువ్వాలుతో తుడిచి పంపేవాడు. ఊళ్ళో ఆచారిగారికి పెట్టిన 'ఆరని' పేరే ఇప్పుడు గంగరాజుకీ తగిలించారు. కార్తీకమాసంలో నన్ను మళ్ళీ పరిచారు. ఈసారి పీకేటప్పుడు ముగ్గురూ ఉన్నారు. నన్ను ఎత్తారు. ఒక్క బొట్టు లేదు. కింద కాంక్రీటు తెల్లగా పొడిగా ఉంది. టీచరుగారు చేతికర్ర సాయంతో నిలబడి, అక్కడ పాదం పెట్టి చూసి, సరేనన్నారు.

హాలంతా ప్లాస్టిక్ పరిచారు, అంచులు జానెడు మేర ఎక్కించి అతికారు, పలకలు పెరిగితే చోటుండాలని గోడల వెంట వేలెడు సందు వదిలారు. పలకలన్నీ బిగించాక ఈశాన్యం మూల ఒక్క పలకకు మాత్రం మేకు కొట్టలేదు. ఏటా లేపి చెమ్మ చూడడానికని దాని కింద నన్ను పెట్టారు. ప్రారంభం రోజున ఇరుగుపొరుగు ఆడవాళ్ళు హాలు కడగడానికి పసుపునీళ్ళ బకెట్లతో వచ్చారు. కొత్తచోటు కడగకుండా ఎవరైనా అడుగుపెడతారా? గంగరాజు గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి, "పసుపు గుమ్మానికి రాసుకోండమ్మా, లోపల చుక్క పడితే ఊరుకోనండి" అని వాళ్ళందర్నీ వెనక్కి పంపేశాడు.

టీచరుగారు లోపలికి వచ్చారు. మోకాళ్ళు కొత్తవే గానీ అరికాళ్ళు పాతవే. చెప్పులు విడిచి, పలకల మీద పాదం ఆనించి, కాసేపు అలా నిలబడ్డారు.

"వెచ్చగా ఉందండీ, ఆచారిగారూ" అన్నారు.

ఆవిడ ఇంక ఆడరు. కుర్చీలో కూర్చుని కర్రతో తాళం వేస్తారు, ముప్పైమంది పిల్లలు నా నెత్తి మీద అడుగులు వేస్తారు. ఏ పిల్ల అలిసిపోయిందో, ఏ పిల్ల దొంగాట ఆడుతోందో నాకు అడుగు చప్పుడులోనే తెలిసిపోతుంది. ఇంతకన్నా నాకు కావలసిందేమీ లేదు. నాలుగేళ్ళయింది. ఒక్క పలక లేవలేదు.

ఏటా వానలు వెలిశాక ఆచారిగారూ గంగరాజూ కలిసి వస్తారు. ఈ ఏడు ఆచారిగారి కళ్ళకి శుక్లాలు వచ్చాయి, గంగరాజు చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. మూల పలక దగ్గర ముగ్గురూ కూర్చుంటారు. టీచరుగారికి మాత్రం కుర్చీ వేస్తారు. ఆచారిగారు పలక మీద చెయ్యి వేసి ఆగుతారు. భుజం మీది తువ్వాలు తీసి, మడత పెట్టి, టీచరుగారి చేతికిస్తారు. ఎందుకని ఆవిడ అడగరు. గంగరాజు తన తువ్వాలు కూడా తీసి ఇచ్చేస్తాడు. ఆ తర్వాతే పలక లేపి నన్ను బయటికి తీస్తారు.